36 మైక్రోఫారడ్ మోటార్ కెపాసిటర్: పొడుగ్గా చుట్టాలా, లావుగా చుట్టాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒక హెచ్‌పి బోరు మోటార్ల ప్యానెళ్లకు 36 మైక్రోఫారడ్, 440 వోల్టుల రన్ కెపాసిటర్లు (మోటార్ నడిచినంతసేపూ సర్క్యూట్‌లో ఉండేవి) చేస్తున్నారు. 6 మైక్రాన్ల మెటలైజ్డ్ (లోహపు పూత వేసిన) పాలీప్రొపిలీన్ ఫిల్మ్, 65 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. కోర్ (ఫిల్మ్ చుట్టే మధ్య గొట్టం), చుట్టాక బయటి వ్యాసం 40 మి.మీ. దగ్గర వస్తోంది, 45 మి.మీ. క్యాన్‌లో వేస్తున్నారు. ఏడాది తిరక్కుండానే కొన్ని పీసులు 30 మైక్రోఫారడ్‌కు పడిపోయి వెనక్కి వస్తున్నాయి. ఫిల్మ్ వెడల్పు మార్చి ఎలిమెంట్‌ను (చుట్టిన ఫిల్మ్ చుట్టను) సన్నగా పొడుగ్గా చేయాలా, పొట్టిగా లావుగా చేయాలా, లేక టెన్షన్ (ఫిల్మ్‌ను లాగే బలం) పెంచి గట్టిగా చుట్టాలా అన్నది ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. వెడల్పు మార్చకండి, టెన్షన్ పెంచకండి. కోర్ వ్యాసం పెంచండి. రోల్‌లో మొదటి ఎలిమెంట్ నుంచి చివరిదాకా టెన్షన్ ఒకేలా ఉండేట్టు చూడండి. పొరలను బిగించే పని ఓవెన్‌కు వదిలేయండి. మీ డిజైన్‌లో ఫిల్మ్ మందం, వెడల్పు రెండూ ఈ పనికి సరిపోయేవే. నా అనుభవంలో ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చుట్టిన పొరల మధ్య ఒత్తిడి సమంగా లేకపోవడం దగ్గరే తేలతాయి.

ఎందుకో లెక్కతో చెబుతాను. కాగితం, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి.

పాలీప్రొపిలీన్ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 2.2. రెండు ఫిల్ములు కలిపి చుట్టినప్పుడు ప్రతి లోహపు పొరకూ రెండు వైపులా ఎదురు పొర ఉంటుంది కాబట్టి కెపాసిటెన్స్ రెట్టింపు వస్తుంది. 65 మి.మీ. ఫిల్మ్‌లో రెండు పక్కలా 2 మి.మీ. చొప్పున మార్జిన్ (లోహం పూయని అంచు), 1 మి.మీ. ఆఫ్‌సెట్ (రెండు ఫిల్ములను ఒకదాని నుంచి ఒకటి పక్కకు జరిపిన దూరం) తీసేస్తే పనిచేసే వెడల్పు 60 మి.మీ. అప్పుడు మీటరు ఫిల్మ్‌కు 0.39 మైక్రోఫారడ్ వస్తుంది. 36 కావాలంటే ఒక్కో ఫిల్మ్ సుమారు 92 మీటర్లు పడుతుంది. గాలి అసలు లేకుండా చుట్టగలిగితే 10 మి.మీ. కోర్ మీద బయటి వ్యాసం 38.9 మి.మీ., చుట్లు 1,200 దాకా.

ఇప్పుడు మీ రెండు ప్రత్యామ్నాయాలు చూద్దాం. 100 మి.మీ. ఫిల్మ్ వాడితే 58 మీటర్లు చాలు, వ్యాసం 31.5 మి.మీ.కు తగ్గుతుంది. 40 మి.మీ. ఫిల్మ్ వాడితే 158 మీటర్లు కావాలి, వ్యాసం 50 మి.మీ. దాటుతుంది. మార్జిన్, ఆఫ్‌సెట్ కింద పోయే 5 మి.మీ. అన్నిట్లో ఒకటే కాబట్టి వెడల్పు ఫిల్మ్‌లో వృథా 5%, సన్న ఫిల్మ్‌లో 12.5%. ఫిల్మ్ ఖర్చు మాత్రమే చూస్తే పొడుగు ఎలిమెంటే గెలుస్తుంది.

కానీ కరెంటు, తీగలు కలపడానికి జింక్ స్ప్రే చేసిన ఎలిమెంట్ చివరి అంచు నుంచి ఫిల్మ్ వెడల్పు మీదుగా వెళ్లాలి. లోహపు పొర నిరోధం చదరానికి 8 ఓంలు అనుకుంటే, మీ 65 మి.మీ. ఎలిమెంట్‌లో ఆ పొర వల్ల వచ్చే నిరోధం సుమారు 3.5 మిల్లీఓంలు. 100 మి.మీ.కు 8.7. 40 మి.మీ.కు 1.2. కెపాసిటెన్స్ మారనంత వరకు ఇది పనిచేసే వెడల్పు వర్గంతో పెరుగుతుంది.

ఈ అంకెలు చూసి చాలామంది 'అయితే పొట్టిగా లావుగా ఉండటమే మంచిది' అంటారు. 50 హెర్ట్జ్‌లో అది నిజం కాదు. 440 వోల్టుల దగ్గర మీ కెపాసిటర్ లాగే కరెంటు 5 ఆంపియర్లు. 3.5 మిల్లీఓంలలో 5 ఆంపియర్లు పోతే వచ్చే వేడి 0.09 వాట్లే. డైఎలెక్ట్రిక్ టాన్ డెల్టా (వేడిగా పోయే నష్టాన్ని చెప్పే అంకె) 0.0002 అనుకున్నా దాని నష్టం 0.44 వాట్లు. అంటే మీ వేడిలో పెద్ద వాటా ఫిల్మ్‌దే, అది ఏ ఆకారంలో చుట్టినా ఒకటే. అదే సోలార్ పంపు డ్రైవ్‌లో డీసీ లింక్ కెపాసిటర్ (డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజిని నిలకడగా ఉంచేది) అయి, అధిక ఫ్రీక్వెన్సీలో 20 ఆంపియర్ల రిపుల్ (హెచ్చుతగ్గుల కరెంటు) మోయాల్సి వస్తే, లోహపు పొర నష్టం 65 మి.మీ.లో 1.4 వాట్లు, 100 మి.మీ.లో 3.5 వాట్లు, 40 మి.మీ.లో అర వాటు లోపు. అక్కడ పొట్టి, లావు ఆకారానికి నిజంగా విలువ ఉంది. మీ పనికి లేదు. ఈ తేడా చూడకుండా డీసీ లింక్ కెపాసిటర్ల కోసం రాసిన సలహాలను మోటార్ కెపాసిటర్లకు వర్తింపజేయడం వల్ల చాలా యూనిట్లలో డబ్బు అనవసరంగా ఖర్చవుతోంది.

ఇక కోర్. ఇది అందరూ తక్కువగా చూసే విషయం. కోర్ పెద్దదైతే క్యాన్‌లో పట్టదేమో అని భయపడతారు. 10 మి.మీ. కోర్‌ను 16 మి.మీ. చేసి లెక్క మళ్లీ వేయండి. బయటి వ్యాసం 38.9 నుంచి 40.8 అవుతుంది. పెరిగింది 2 మి.మీ. కంటే తక్కువ! వ్యాసాల వర్గాల మధ్య తేడాయే ఫిల్మ్ ఆక్రమించే జాగా కాబట్టి, మధ్యలో 6 మి.మీ. పెంచితే బయట అంత కొద్దిగా కనిపిస్తుంది. చుట్లు 1,200 నుంచి 1,030కి తగ్గుతాయి. మీ 45 మి.మీ. క్యాన్‌లో అది హాయిగా పడుతుంది.

దాని వల్ల లాభమేమిటంటే, ఒక్కో పొర లోపలి పొరల మీద వేసే ఒత్తిడి ఫిల్మ్‌లోని లాగుడు, మందాలను బట్టి పెరుగుతుంది, వ్యాసార్ధం పెరిగే కొద్దీ తగ్గుతుంది. చిన్న కోర్ దగ్గర ఒక్కో పొర ఎక్కువగా నొక్కుతుంది. పైన ఇంకా వెయ్యి పొరలు పడే కొద్దీ లోపలి పొరల్లో మొదట ఉన్న లాగుడంతా పోయి, అవి నొక్కుకుపోయే స్థితికి వస్తాయి. 6 మైక్రాన్ల ఫిల్మ్ నొక్కుడును తట్టుకోలేదు, మడత పడుతుంది. ఎలిమెంట్‌ను చివర నుంచి చూస్తే కోర్ చుట్టూ నక్షత్రం ఆకారంలో గీతలు కనిపిస్తాయే, అదే ఇది. ఆ మడతల్లో గాలి ఉంటుంది.

ఆ గాలి ఎంత ప్రమాదమో కూడా లెక్కలోనే చూడవచ్చు. 440 వోల్టుల శిఖర విలువ 622. 6 మైక్రాన్ల ఫిల్మ్ విద్యుత్ పరంగా 2.7 మైక్రాన్ల గాలితో సమానం. మడతలో 10 మైక్రాన్ల గాలి సందు ఉందనుకోండి, ఆ సందు మీద పడే వోల్టేజి దాదాపు 490. అంత సన్న సందులో గాలి 350 వోల్టుల దగ్గరే తట్టుకోలేక కరెంటును పోనిస్తుంది. అంటే సెకనుకు వంద అర్ధ చక్రాల్లో ప్రతిసారీ ఆ మడతలో చిన్న చిన్న డిశ్చార్జిలు జరుగుతూ లోహపు పొరను తినేస్తుంటాయి. కెపాసిటర్ పేలదు, వాసన రాదు. మైక్రోఫారడ్ మాత్రం నెలనెలా కరిగిపోతుంది. రాత్రిపూట లోడు తగ్గి వోల్టేజి పెరిగినప్పుడు ఈ తినడం మరీ వేగంగా జరుగుతుంది. పొలంలో మోటార్లు ఎక్కువగా నడిచేది ఏ వేళలోనో మీకు తెలుసు.

కోర్ గట్టిదనం కూడా చూడండి. పల్చటి గోడ ఉన్న ప్లాస్టిక్ గొట్టం ఓవెన్‌లో మెత్తబడి, పైన ఫిల్మ్ కుంచించుకుపోయేటప్పుడు లోపలికి కుంగుతుంది. బయటకు వచ్చిన కోర్ రంధ్రంలో గేజ్ పిన్ను దించి చూడండి. గుండ్రం తప్పిందంటే లోపలి వంద పొరలు కూడా తప్పినట్టే.

టెన్షన్ గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మీ సమస్యకు అసలు మూలం ఇక్కడే ఉందని నా అనుమానం.

65 మి.మీ. వెడల్పు, 6 మైక్రాన్ల ఫిల్మ్ అడ్డుకోత 0.39 చదరపు మి.మీ. నేను చదరపు మి.మీ.కు 5 న్యూటన్ల దగ్గర మొదలుపెడతాను. అంటే ఒక్కో ఫిల్మ్‌కు సుమారు 2 న్యూటన్లు, మన మాటల్లో 200 గ్రాములు. చాలా యూనిట్లలో దీనికి రెండింతలు ఉంటుంది. ఎవరో ఒకరు వ్యాసం తగ్గించడానికో, గట్టిగా ఉంటే మంచిదనుకునో బ్రేక్ బిగించి వెళ్లిపోతారు. పొరల మధ్య గాలిని తరమడానికి టెన్షన్ సరైన సాధనం కాదు. ఆ పని ప్రెజర్ రోలర్‌ది (చుట్టేటప్పుడు ఎలిమెంట్ మీద ఆనే రబ్బరు రోలర్). ఫిల్మ్ వేగంగా వస్తున్నప్పుడు తనతో పాటు గాలిని లాక్కొస్తుంది. రోలర్ ఎలిమెంట్‌కు సమాంతరంగా ఉండి, రబ్బరు అరగకుండా, సమంగా ఆనుతుంటే ఆ గాలి అక్కడే ఆగిపోతుంది. రోలర్ ఒక వైపే ఆనుతుంటే ఎంత టెన్షన్ పెట్టినా రెండో వైపు గాలి ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ మెషిన్‌లో సప్లయి రోల్‌కు ఉన్నది మామూలు రాపిడి బ్రేక్ అయితే, అది ఇచ్చేది స్థిరమైన టార్క్. టెన్షన్ అంటే ఆ టార్క్‌ను రోల్ వ్యాసార్ధంతో భాగించినది. 240 మి.మీ. వ్యాసంతో మొదలైన రోల్ 100 మి.మీ.కు వచ్చేసరికి టెన్షన్ 2.4 రెట్లు అవుతుంది. ఎవరూ ఏ స్క్రూ ముట్టుకోలేదు, మెషిన్ మీద సెట్టింగ్ అదే, కానీ రోల్ చివర చుట్టిన ఎలిమెంట్లు మొదట చుట్టినవాటికి రెండు రెట్లకు పైగా బిగువుగా ఉంటాయి. అలాంటి రోల్‌లో 65కు పైగా ఎలిమెంట్లు వస్తాయి. మొదటి ఇరవై వదులు, మధ్యవి బాగుంటాయి, చివరివి నక్షత్రాలు.

నాకు తెలిసిన ఒక యూనిట్‌లో మీలాగే వెనక్కి వచ్చిన పీసులు పోగుపడ్డాయి. ఫిల్మ్ సప్లయర్‌ను మార్చారు, తగ్గలేదు. క్యాన్‌లో పోసే రెసిన్ మార్చారు, తగ్గలేదు. నేను అడిగింది ఒక్కటే: ఏ ఎలిమెంట్ రోల్‌లో ఎన్నోదో రాసుకుంటున్నారా అని. లేదన్నారు. అప్పటి నుంచి ఎలిమెంట్ మీద మార్కర్‌తో రోల్ నంబరు, వరస నంబరు రాయించాం. తర్వాత లైఫ్ టెస్టులో పోయినవి తిరగేస్తే దాదాపు అన్నీ రోల్ చివరివి, కొన్ని మరీ మొదటివి. మధ్యలోవి చాలా అరుదు. డాన్సర్ ఆర్మ్ (ఫిల్మ్ లాగుడును బట్టి కదిలే చేయి) పెట్టి, రోల్ వ్యాసంతో పాటు బ్రేక్ సడలే ఏర్పాటు చేశాక గుట్ట తగ్గింది. మీకు సర్వో టెన్షన్ కంట్రోల్ కొనే స్థోమత లేకపోతే, స్ప్రింగ్ బాలెన్స్‌తో ప్రతి పదిహేను ఎలిమెంట్లకు ఒకసారి కొలిచి బ్రేక్ సర్దండి. విసుగనిపిస్తుంది కానీ పనిచేస్తుంది.

ఒక ఎలిమెంట్ లోపల కూడా కోర్ నుంచి బయటికి టెన్షన్‌ను కొద్దిగా తగ్గించుకుంటూ రావడం మంచిది. నేను 10 నుంచి 20 శాతం తగ్గిస్తాను. అంతకు మించితే బయటి పొరలు వదులై అక్కడ గాలి చేరుతుంది. మొదట, చివర లోహం లేని సాదా ఫిల్మ్ కొన్ని చుట్లు తప్పకుండా వేయండి. మొదటి చుట్లలో ఎంత జాగ్రత్త పడినా ముడత వస్తుంది, అది కరెంటు లేని చోట ఉండనివ్వండి. బయటి సాదా చుట్లు చెట్టు బెరడులా లోపలి పొరలను కాపాడతాయి, వాటి చివరను వేడితో అతికించడం మరవకండి.

ఓవెన్. పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌ను తయారీలో రెండు దిశల్లో సాగదీస్తారు. వేడి చేస్తే తిరిగి కుంచించుకోవాలని చూస్తుంది, పొడవు దిశలో మరీ ఎక్కువ. ఆ కుంచించుకోవడమే పొరల మధ్య గాలిని బయటికి నెట్టి ఎలిమెంట్‌ను సమంగా బిగిస్తుంది. 100 నుంచి 105 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు, అక్కడికి చేరేది మాత్రం నెమ్మదిగా. పాలీప్రొపిలీన్ వేడిని చాలా తక్కువగా లోపలికి పోనిస్తుంది. త్వరగా వేడి చేస్తే బయటి పొరలు ముందు కుంచించుకుని, చల్లగా ఉన్న లోపలి పొరలను నలిపేస్తాయి. గాలికి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

ఓవెన్ పనిచేసిందా లేదా అన్నది కాలిపర్‌తో తేలిపోతుంది. గాలి లేని లెక్క ప్రకారం 38.9 రావాల్సిన చోట మీకు 40 వస్తోందన్నారు. సాదా చుట్లను పక్కన పెట్టి చూస్తే అది సుమారు 6% గాలి. ఓవెన్ నుంచి తీసి పూర్తిగా చల్లారాక అదే ఎలిమెంట్ 39.2 దగ్గరికి రావాలి, అంటే 2% లోపు. కెపాసిటెన్స్ కూడా ఓవెన్ తర్వాత కాస్త పెరగాలి. రెండూ జరగకపోతే ఓవెన్ ఊరికే కరెంటు తింటోంది. ప్రతి ట్రేలో నాలుగు మూలల నుంచీ ఒక్కో ఎలిమెంట్ తీసి కొలవండి. ఓవెన్‌లో ఒక మూల ఎప్పుడూ చల్లగా ఉంటుంది, అది ఎక్కడో మీకే కనిపిస్తుంది.

జింక్ స్ప్రే, ఆఫ్‌సెట్. గట్టిగా చుట్టడం వల్ల రెండో నష్టం ఇక్కడ. స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్స్ షూప్ వందేళ్ల కిందట కనిపెట్టిన లోహపు స్ప్రే పద్ధతే ఇప్పటికీ వాడుతున్నాం. కరిగిన జింక్ తుంపర్లు ఎలిమెంట్ చివర ఉన్న పొరల సందుల్లోకి దూరి, లోహపు అంచును పట్టుకోవాలి. రెండు ఫిల్ములనూ పక్కకు జరిపి చుట్టేది అందుకే. ఆ జరుగుడు 1 మి.మీ. పెట్టుకుని, ఫిల్మ్ అంచు అటూ ఇటూ అర మి.మీ. ఊగుతుంటే, కొన్ని చుట్ల అంచులు సందులో పూడిపోతాయి. వాటికి జింక్ అందదు. ఆ చుట్ల కరెంటు ఫిల్మ్ పొడవునా ప్రయాణించి పక్క చుట్టు దాకా వెళ్లాలి. ఊగుడు 0.2 మి.మీ. లోపు ఉంచండి. అంచు అలలుగా కోసిన ఫిల్మ్ దొరికితే పట్టు ఇంకా మెరుగు.

ఓవెన్ ముందా, స్ప్రే ముందా అని వాదనలు ఉన్నాయి. నేను ఓవెన్ ముందు పెడతాను. స్ప్రే అయ్యాక ఫిల్మ్ కుంచించుకుంటే జింక్ పట్టిన అంచుల మీదే ఆ లాగుడంతా పడుతుంది.

చెడ్డ స్ప్రేని 50 హెర్ట్జ్‌లో కొలిస్తే దొరకదు. 10 మిల్లీఓంల అదనపు నిరోధం 50 హెర్ట్జ్‌లో టాన్ డెల్టాను 0.0001 మాత్రమే పెంచుతుంది. 1 కిలోహెర్ట్జ్‌లో అదే 0.0023 అవుతుంది. కాబట్టి టాన్ డెల్టా 1 కిలోహెర్ట్జ్‌లో కొలవండి. ఆ తర్వాత ఎలిమెంట్‌ను డీసీతో చార్జ్ చేసి, నేరుగా షార్ట్ చేసి డిశ్చార్జ్ చేయడం కొన్నిసార్లు జరిపి మళ్లీ కొలవండి. పట్టు బలహీనంగా ఉన్న చోట్లు ఆ కరెంటు దెబ్బకు తెగిపోయి, రెండో కొలత పైకి దూకుతుంది. అలాంటి పీసు పొలానికి పోకూడదు.

సెల్ఫ్ హీలింగ్ (తనంతట తానే బాగుచేసుకోవడం) విషయంలో కూడా పొరల ఒత్తిడిదే పెత్తనం. ఫిల్మ్‌లో బలహీనమైన చోట పంక్చర్ అయినప్పుడు చుట్టూ ఉన్న లోహం ఆవిరై ఆ చోటు వేరుపడుతుంది. తగినంత ఒత్తిడి ఉంటే ఆ ఆర్క్ త్వరగా ఆరిపోతుంది, మచ్చ చిన్నది. వదులుగా ఉంటే మచ్చ పెద్దదవుతుంది. మితిమీరి బిగిస్తే పుట్టిన వాయువు ఎటూ పోలేక కార్బన్ అక్కడే మిగిలి, పక్క పొరలు కూడా చిల్లులు పడతాయి. ఇది మెల్లగా పోవడం కాదు, క్యాన్ ఉబ్బే రకం.

క్యాన్ ఉబ్బడం మాటొచ్చింది కాబట్టి, మీది ఒత్తిడికి మూత పైకి లేచి తీగ తెంపుకునే రకమైతే, ప్యానెల్ చేసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పండి. మూత పైన ఖాళీ వదలాలి, తీగలు వదులుగా ఉండాలి. మూతను క్లిప్పుతో బిగించేసిన ప్యానెళ్లు నేను చూశాను. అప్పుడు ఆ రక్షణ ఉన్నా లేనట్టే. క్యాన్ మీద ముద్రించే క్లాసు కూడా చూసుకోండి. మోటార్ కెపాసిటర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60252 ప్రకారం బి క్లాసు అంటే 10,000 గంటల ఆయుష్షు, సి అంటే 3,000. రేకు డబ్బాలో ఎండకు కూర్చునే కెపాసిటర్ మీద బి ముద్రించాలంటే, పైన చెప్పినవన్నీ ఆ ఉష్ణోగ్రతలోనే లైఫ్ టెస్టులో తేలాలి.

ఏమైనా మార్చే ముందు, వెనక్కి వచ్చిన పీసుల్లో అయిదారు తీసి డిశ్చార్జ్ చేసి, కోసి, లైటు పెట్టిన గాజు బల్ల మీద ఫిల్మ్‌ను బయటి నుంచి లోపలికి నెమ్మదిగా విప్పండి. మార్జిన్ పక్కన లోహం పోయి పారదర్శకంగా ఒక పట్టీ బయటి చుట్లలో మాత్రమే ఉంటే, అక్కడ వదులుగా ఉండి గాలో తేమో చేరిందని. తెరిచిన జింక్ ఫిల్మ్ రోళ్లు వానాకాలంలో రోజుల తరబడి బయట ఉంచుతున్నారేమో కూడా అప్పుడు చూడండి. కోర్ దగ్గర చుట్లలో అడ్డంగా ముడత గీతలు, వాటి వెంటే లోహం పోయిన చారలు ఉంటే, కోర్ చిన్నది లేదా టెన్షన్ ఎక్కువ. ఫిల్మ్ అంతటా శుభ్రమైన చిన్న గుండ్రటి చుక్కలు మాత్రమే ఉంటే చుట్టడం బాగుంది, వోల్టేజికి 6 మైక్రాన్లు చాలడం లేదు, 7కు వెళ్లాలి. ఫిల్మ్ మధ్యలో అంతా చక్కగా ఉండి స్ప్రే అంచు పక్కన మాత్రమే కాలిన గుర్తులుంటే ఆఫ్‌సెట్, జింక్ చూసుకోండి. ఆ అయిదారులో ఎక్కువ వాటిలో ఏది కనిపించిందో ఇక్కడ రాస్తే, మీ మెషిన్‌కు బ్రేక్ సెట్టింగ్ ఎంత ఉండాలో లెక్క వేసి చెబుతాను.